పదిమంది పనిచేసే ఆఫీసుకి సైబర్ కాపలా ఎలా పెట్టుకోవాలి

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే దారిలో ఒక గ్రానైట్ ఆఫీసు. గేటు దగ్గర వాచ్‌మన్, నాలుగు మూలలా కెమెరాలు, బీరువాకి రెండు తాళాలు. లోపల అకౌంటెంట్ కంప్యూటర్‌కి ఒక పసుపు కాగితం అంటించి ఉంది. దాని మీద కంపెనీ మెయిల్ పాస్‌వర్డ్: కంపెనీ పేరు, పక్కన 123. ఎవరన్నా చూస్తే ఎట్లా అని అడిగితే ఆయన నవ్వి, "మన ఆఫీసులోకి ఎవరొస్తారు సార్?" అన్నాడు.

అప్పటికే ఒకడు వచ్చి కూర్చున్నాడు. మూడు వారాలుగా ఆ మెయిల్స్ అన్నీ చదువుతున్నాడు. బ్లాకులు ఓడ ఎక్కే సమయానికి విదేశంలో ఉన్న కొనుగోలుదారుకి "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇందులో వేయండి" అని ఒక్క మెయిల్ వెళ్ళింది. భాష అదే, సంతకం అదే, ఇన్‌వాయిస్ నంబరు కూడా అదే. సరుకు వెళ్ళింది, డబ్బు ఇంకెవరికో చేరింది.

నేను నెల్లూరు, ఒంగోలు మధ్య చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు పెట్టి, చెడిపోతే బాగుచేసే పనిలో ఉన్నాను. రైసుమిల్లులు, రొయ్యల మేత డీలర్లు, గ్రానైట్ వాళ్ళు, ఒకటి రెండు స్కూళ్ళు. ఇన్నేళ్ళలో నేను చూసిన మోసాల్లో ఎక్కువ భాగం పెద్ద టెక్నాలజీతో జరిగినవి కావు. "అన్న చెప్పాడు, పంపెయ్" అనే మాట మీద జరిగినవే. మన దగ్గర వ్యాపారం నడిచేదే నోటిమాట మీద. దాన్ని మానుకోమని చెప్పడం నా వల్ల కాదు, మీరూ మానరు. డబ్బు గడప దాటే చోట మాత్రం ఇంకొక తలుపు పెట్టుకోండి. కింద చెప్పినవన్నీ ఆ తలుపు గురించే. పెద్ద ఖర్చు లేదు, ఓపిక కావాలి.

మొదట ఒక నోట్‌బుక్ తీయండి

యాంటీవైరస్ ఏది కొనాలి అని అడిగే ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని మీ ఆఫీసుకి ఉన్న తాళాలన్నీ రాయండి. కంపెనీ మెయిల్, నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, ట్యాలీ, వాట్సాప్ బిజినెస్, వెబ్‌సైట్ పేరు రిజిస్టర్ చేసిన ఖాతా, సీసీ కెమెరాల యాప్. ప్రతిదాని పక్కన రెండు ప్రశ్నలు: పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు? ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుంది?

మొదటి ప్రశ్నకి జవాబు అందరూ టకటకా చెప్పేస్తారు. రెండో దాని దగ్గరే ఆగిపోతారు. నెల్లూరులో ఒక రైసుమిల్లులో ఈ పని చేస్తుంటే, జీఎస్టీ ఓటీపీ రెండేళ్ళ కింద ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్ళిపోయిన కుర్రాడి ఫోన్‌కి వెళ్తోందని బయటపడింది. పాపం అతను మంచివాడు, ఫోన్ చేసినప్పుడల్లా ఓటీపీ చదివి చెప్పేవాడు! లారీలో సరుకు వెళ్ళడానికి తీసే ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ తప్పనిసరి అయింది. ఆ అతను సిమ్ మార్చిన రోజు మీ లారీ కాంటా దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఆఫీసు పేరు మీద ఒక సిమ్ తీసుకోండి. ముఖ్యమైన ఓటీపీలన్నీ దానికే మార్చండి. ఆ ఫోన్ ఓనరు దగ్గరో, ఇంట్లో మనిషి దగ్గరో ఉండాలి. అందులో ఆటలు, రీల్స్, కొత్త యాప్‌లు ఏవీ వద్దు. అలాగే మీ డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఎక్కడుందో చూడండి. చాలామందిది ఆడిటర్ గారి ఆఫీసు సొరుగులో, పిన్ రాసిన చీటీతో సహా ఉంటుంది. ఆడిటర్ మీద అనుమానంతో చెప్పడం లేదు. సంతకం చేసిన ఖాళీ చెక్కుల పుస్తకం మీరు ఎవరి దగ్గరా పెట్టరు కదా, ఇదీ అలాంటిదే.

డబ్బు కదిలే చోట

ఈ ఒక్క భాగం చదివి మిగతాది వదిలేసినా ఫర్వాలేదు.

కొత్త ఖాతాకి గానీ, మారిన ఖాతాకి గానీ డబ్బు పంపే ముందు ఫోన్ చేసి అడగాలి. ఏ నంబరుకి చేస్తున్నారన్నదే ఇక్కడ అసలు సంగతి. మెయిల్ కింద ఇచ్చిన నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు, "అవునండీ, మా ఖాతా మారింది" అని మర్యాదగా చెప్తాడు. మీ పాత పుస్తకంలో ఉన్న నంబరుకి, మీరు ఎప్పుడూ మాట్లాడే మనిషికి చేయండి. పదివేలైనా పది లక్షలైనా ఇదే పద్ధతి. ఇంత మొత్తం దాటితేనే అని హద్దు పెడితే దొంగ దానికి వెయ్యి తగ్గించి అడుగుతాడు.

ఈ నియమం ఓనరుకి కూడా వర్తిస్తుందని ఓనరే అందరి ముందూ చెప్పాలి. ఎందుకంటే రెండో రకం మోసం అక్కడే ఉంది. కొత్త నంబరు నుంచి ఓనరు ఫోటో పెట్టుకున్న వాట్సాప్ మెసేజ్ వస్తుంది: "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చెయ్యొద్దు, ఈ ఖాతాకి అర్జెంటుగా నాలుగు లక్షలు వెయ్యి." అకౌంటెంట్‌కి టెన్షన్. అడిగితే సార్ కోప్పడతాడేమో అని వేసేస్తాడు. ఇప్పుడు గొంతును కూడా కంప్యూటర్‌తో తయారు చేస్తున్నారు కాబట్టి, వాయిస్ మెసేజ్ వచ్చిందని నమ్మేసే రోజులు పోయాయి. మీరు ఓనరైతే రేపు పొద్దున్నే ఈ మాట చెప్పండి: "నేను అడిగినా సరే, నా పాత నంబరుకి ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా పంపొద్దు. ఫోన్ చేసినందుకు నేను ఎప్పుడూ విసుక్కోను." చెప్పాక నిజంగానే విసుక్కోకండి. ఒక్కసారి కసిరితే ఆ నియమం ఆరోజుతో పోయినట్టే.

బ్యాంకు దగ్గర చేయించుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. కరెంటు ఖాతా నెట్ బ్యాంకింగ్‌లో మేకర్, చెకర్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఒకరు పేమెంట్ ఎక్కిస్తారు, ఇంకొకరు తన లాగిన్‌తో ఒప్పుకుంటేనే డబ్బు కదులుతుంది. మేనేజర్‌ని అడగండి, దరఖాస్తు ఇస్తే చేస్తారు. చాలా ఆఫీసుల్లో ఈ రెండు లాగిన్లూ ఒకే అకౌంటెంట్ దగ్గర పెట్టేసి పద్ధతికే నీళ్ళొదులుతారు. రోజు పరిమితి కూడా మీ అవసరానికి తగ్గట్టు తగ్గించుకోండి. రోజుకి ఐదు లక్షలు దాటని వ్యాపారానికి యాభై లక్షల పరిమితి ఎందుకు?

క్యూఆర్ కోడ్‌తో వసూలు చేసే ఖాతాని మీ అసలు ఖాతా నుంచి విడదీయండి. ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బుని దొంగ మీ షాపులో ఖర్చు పెడితే, పోలీసు ఫిర్యాదు ఆ డబ్బు వెంట మీ ఖాతా దాకా రావచ్చు. మీ తప్పేమీ లేకపోయినా ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే, ఆపేస్తారు. జీతాల రోజు అలా జరిగితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. వసూళ్ళ ఖాతాలోంచి సాయంత్రానికి డబ్బు మార్చుకుంటూ ఉండండి.

ఎగుమతి చేసేవాళ్ళకి ఇంకో మాట. మీ మెయిల్ భద్రంగా ఉంటే సరిపోదు, అవతలివాడు మోసపోయినా నష్టం మీదే. మొదటి ఆర్డర్ రోజునే కొనుగోలుదారుకి ఫోన్‌లో చెప్పండి: మా ఖాతా మారితే మెయిల్‌లో చెప్పం, ఫలానా వ్యక్తి ఫోన్ చేసి చెప్తాడు అని. ఆ వాక్యమే ఇన్‌వాయిస్ కింద కూడా అచ్చు వేయించండి.

బ్యాంకు సైట్లోకి వెళ్ళేటప్పుడు గూగుల్‌లో వెతికి మొదట వచ్చినదాన్ని నొక్కే అలవాటు మానండి. ఆర్‌బీఐ చెప్పిన మీదట 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకులు తమ సైట్లని "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకి మార్చుకున్నాయి. ఆ చివరి భాగం బ్యాంకులకే ఇస్తారు. అడ్రస్ చివర అది ఉందో లేదో చూసి బుక్‌మార్క్ చేసుకోండి.

మెయిల్‌కి, వాట్సాప్‌కి రెండో తాళం

గ్రానైట్ ఆఫీసు మెయిల్ తెరిచి సెట్టింగ్స్ చూస్తే, "ఇన్‌వాయిస్" అనే మాట ఉన్న ప్రతి మెయిల్ కాపీ బయటి అడ్రస్‌కి వెళ్ళేలా ఒక రూల్ పెట్టి ఉంది. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ అలాగే ఉంటుంది. అందుకే మీరు ఇవ్వాళే చేయాల్సిన పని: మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండూ తెరిచి చూడండి. మీకు తెలియనిది కనిపిస్తే ముందు ఫోటో తీసుకుని, తర్వాత తీసేయండి. ఏయే కంప్యూటర్లు, ఫోన్లు లాగిన్ అయి ఉన్నాయో ఖాతా సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది, అదీ చూడండి.

తర్వాత రెండంచెల వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేయండి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ కన్నా, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ మేలు. సిమ్‌ని వేరేవాళ్ళు డూప్లికేట్ తీసుకున్నా యాప్ కోడ్ వాళ్ళకి దొరకదు. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, ఒక్కోచోట ఒక్కోటి ఉండాలి. బండి నంబరు, పిల్లల పేర్లు, ఊరి పేరు పక్కన 123 లాంటివి వద్దు. సంబంధం లేని నాలుగు మాటలు కలిపితే చాలు: ఉప్పుచేప, రైలుగేటు, మల్లెతీగ, పాతబావి లాంటివి, ఇంగ్లీషు అక్షరాల్లో. గుర్తుండవంటే పాస్‌వర్డ్లన్నీ భద్రంగా దాచిపెట్టే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడుకోండి. నెలనెలా మార్చమని నేను చెప్పను. అలా బలవంతం చేస్తే జనం చివర 1 తీసి 2 పెడతారు, అంతే. ఎవరికన్నా తెలిసిందనుకున్నప్పుడు వెంటనే మార్చండి.

మెయిల్ వచ్చిన అడ్రస్‌ని అక్షరం అక్షరం చదవడం అలవాటు చేసుకోవాలి. ఇంగ్లీషు "ఎమ్" ఉండాల్సిన చోట "ఆర్", "ఎన్" పక్కపక్కన పెడితే చిన్న అక్షరాల్లో కంటికి తేడా తెలియదు. మీకు సొంత డొమైన్, అంటే కంపెనీ పేరుతోనే వెబ్‌సైట్, మెయిల్ అడ్రస్ ఉంటే, దాన్ని చూసే అతన్ని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టావా అని అడగండి. మీ పేరుతో వేరేవాళ్ళు మెయిల్ పంపితే అవతలి సర్వర్ పట్టుకోవడానికి అవి పనికొస్తాయి. తెల్లమొహం వేస్తే ఇంకొకర్ని చూసుకోండి.

వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్ పెట్టండి. మీ వాట్సాప్ ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైజెస్ వారానికోసారి చూడండి. రిజిస్ట్రేషన్ కోడ్ ఆరు అంకెలు ఎవరడిగినా చెప్పొద్దు, అడిగింది మీ బావమరిది నంబరే అయినా సరే. ఆయన వాట్సాప్ అప్పటికే పోయి ఉండొచ్చు.

బ్యాకప్: నేను చేసిన తప్పు

ఇది నా తప్పు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల మేత డీలర్‌కి రోజూ రాత్రి ట్యాలీ బ్యాకప్ అయ్యేలా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి ఇచ్చాను. తీసి పెట్టడం మర్చిపోతారని దాన్ని కంప్యూటర్‌కే వదిలేశాను. ఒక సోమవారం పొద్దున చూస్తే ఫైళ్ళన్నీ తెరుచుకోవడం మానేశాయి. డెస్క్‌టాప్ మీద డబ్బు అడుగుతూ ఒక నోటు. ర్యాన్సమ్‌వేర్. తగిలించి ఉన్న డిస్క్‌లో బ్యాకప్ కూడా లాక్ అయింది.

మేత వ్యాపారం సంగతి మీకు తెలిసే ఉంటుంది. రైతుకి సీజన్ మొదట్లో అప్పు మీద మేత ఇస్తారు, రొయ్య పట్టాక లెక్క చూస్తారు. ఎవరి చెరువుకి ఎన్ని బస్తాలు వెళ్ళాయి అన్నది పోతే వ్యాపారమే పోయినట్టు. ఆయన గుమాస్తా పాతకాలం మనిషి, ట్యాలీని నమ్మక చిట్టా కూడా రాసుకునేవాడు. ఆ చిట్టా చూసి పదకొండు రోజులు కూర్చుని మళ్ళీ ఎక్కించారు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు నేను చేస్తున్న పద్ధతి ఇది. డేటా మూడు చోట్ల ఉండాలి: కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఆఫీసు బయట ఒకటి. హార్డ్ డిస్క్‌లు రెండు కొనండి, వారం మార్చి వారం వాడండి. వాడని రోజుల్లో డిస్క్ బీరువాలో ఉండాలి, వైరు తగిలించి కాదు. మూడోది క్లౌడ్‌లో. బయట ఎందుకు అనేవాళ్ళకి 2021 నవంబరు గుర్తు చేస్తాను. పెన్నా పొంగి నెల్లూరులో ఇళ్ళూ షాపులూ మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అప్పుడు నీళ్ళలో నానిన కంప్యూటర్, దాని పక్కనే నానిన బ్యాకప్ డిస్క్ రెండూ నా బల్ల మీదకి వచ్చాయి.

ఇంకొకటి. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. నిన్నటి తేదీ బిల్లు కనిపిస్తోందా? కనిపిస్తేనే బ్యాకప్ ఉన్నట్టు. ఆరు నెలలుగా ఖాళీ ఫోల్డర్‌ని భద్రంగా కాపీ చేస్తున్న ఆఫీసుని కూడా చూశాను.

కంప్యూటర్లు, ఫోన్లు

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఇంకా అదే నడుస్తున్న సిస్టమ్‌లో కనీసం బ్యాంకు పని చేయకండి. విండోస్ 11 పడితే వేయించండి, పడకపోతే ఒక్క కంప్యూటర్ కొత్తది కొని డబ్బు పనులన్నీ దాని మీదే చేయండి. అప్‌డేట్లు వాయిదా వేయొద్దని ఎందుకు మొత్తుకుంటానంటే, 2017 మేలో ప్రపంచమంతా వణికించిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే మందు ఇచ్చేసింది. వేసుకోనివాళ్ళు పడ్డారు.

క్రాక్ చేసిన ట్యాలీ, క్రాక్ విండోస్ గురించి ఎక్కువ చెప్పను. అవి పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపాలి అని వేసేవాడే చెప్తాడు, ఆలోచించుకోండి.

ట్యాలీ రిపేరు కోసం, దూరం నుంచే మన కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ వేయించుకుంటాం కదా, అసలు గొడవ దానితో. పని అయ్యాక దాన్ని మూసేయరు. పాస్‌వర్డ్‌తో ఎప్పుడైనా లోపలికి రాగలిగేలా పెట్టి వెళ్తారు, మాలాంటివాళ్ళమే. పని చేయించుకునేటప్పుడు తెరవండి, ఎదురుగా కూర్చుని చూడండి, అయ్యాక తీసేయించండి. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేసుకోమన్నవాడు దొంగే, అందులో రెండో మాట లేదు. రోజువారీ పనికి అడ్మిన్ అధికారం లేని మామూలు యూజర్ ఖాతా కంప్యూటర్‌లో పెడితే వచ్చిన చెత్త సగం ఇన్‌స్టాల్ కాకుండానే ఆగుతుంది.

ఫోన్ల విషయానికి వస్తే, ఇప్పుడు జోరుగా తిరుగుతున్నది ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. "మీ బండికి చలానా", "పీఎం కిసాన్ డబ్బులు", "మా అమ్మాయి పెళ్ళికి తప్పక రావాలి" అని వాట్సాప్‌లో వస్తుంది. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ యాప్‌గా రాదు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్‌ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పంపించేస్తుంది, మీ నంబరు నుంచి మీ వాళ్ళందరికీ అదే శుభలేఖ వెళ్తుంది. ఆఫీసు ఫోన్లలో ప్లే స్టోర్ బయటి యాప్‌లకి అనుమతి ఆపేయండి.

వైఫై రూటర్, సీసీ కెమెరా డీవీఆర్‌లకి కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. వచ్చిపోయేవాళ్ళకి గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వండి. కౌంటర్ మీద క్యూఆర్ స్టిక్కర్ మీదేనా అని పొద్దున షట్టర్ తీసినప్పుడు ఒక్క రూపాయి వేసి చూసుకోండి.

మనుషుల సంగతి

ఉద్యోగి మానేసిన రోజే, టీ పార్టీ కన్నా ముందు, నోట్‌బుక్ తీసి అతనికి తెలిసినవన్నీ మార్చండి. మంచివాడైనా సరే. రేపు ఏదన్నా జరిగితే అనుమానం అతని మీదకి పోకుండా ఉంటుంది, ఆ మాటే అతనికి చెప్పండి.

ఎవరైనా పొరపాటున లింకు నొక్కితే తిట్టకండి. తిడతారని తెలిస్తే రెండోసారి నొక్కినప్పుడు దాచిపెడతారు, మీకు సాయంత్రం దాకా తెలియదు. "సార్, ఏదో నొక్కాను" అని పది నిమిషాల్లో వచ్చి చెప్పిన అమ్మాయి వల్ల ఒక స్కూలు ఫీజుల డబ్బు నిలిచింది. ఆమెకి కరస్పాండెంట్ అందరి ముందూ చీర పెట్టారు. ఏ ట్రైనింగ్ కన్నా అది బాగా పనిచేసింది.

డిజిటల్ అరెస్టు గురించి కూడా స్టాఫ్‌తో మాట్లాడండి. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో లేదు. సీబీఐ అన్నా, కస్టమ్స్ అన్నా, ఫోన్ పెట్టేసి పక్కవాళ్ళకి చెప్పడమే మందు.

అయినా జరిగిపోతే

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బంధువులకి తర్వాత చెప్పొచ్చు. దొంగ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చి ఏటీఎంలో తీసేలోపు ఆపగలిగితేనే డబ్బు దక్కుతుంది. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, ఏ ఖాతాకి వెళ్ళింది, ఇవి చేతిలో పెట్టుకుని చేయండి. ఆన్‌లైన్‌లో అయితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. ఒకవైపు మీరు 1930లో ఉంటే, ఇంకొకరు బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతా ఆపించి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 2017లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ పొరపాటు వల్లే పోయినా సరే, మీరు బ్యాంకుకి తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అందుకే ఏ సమయానికి చెప్పారన్నది రాసి పెట్టుకోండి.

ర్యాన్సమ్‌వేర్ అయితే నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, ఆ కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ ఏదీ పెట్టకండి. కంగారులో ఫార్మాట్ కొట్టించొద్దు, సాక్ష్యం పోతుంది. అడిగిన డబ్బు కట్టేయాలనిపిస్తుంది. కట్టినా ఫైళ్ళు వస్తాయన్న హామీ లేదు. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన "నో మోర్ ర్యాన్సమ్" అనే సైటులో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి, ముందు అక్కడ చూడండి. కంపెనీలు ఇలాంటివి ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల్లో ఉంది. పరువు పోతుందని దాచిపెట్టే పని పెట్టుకోకండి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్, 1930 ఇచ్చిన రసీదు నంబరు, ఆ మెయిల్ లేదా మెసేజ్ ప్రింటు రెండేసి కాపీలు తీసుకెళ్ళండి. మెయిల్‌ని ఫార్వర్డ్ చేయకుండా ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంచండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపే పూర్తి హెడర్‌తో సహా అడుగుతారు. ఫోన్ ఛార్జర్ కూడా పెట్టుకోండి. వాళ్ళు మీ వాట్సాప్ చాట్ మొదటి నుంచి చివరి దాకా చూస్తారు, దానికి చాలాసేపు పడుతుంది.